ఆలస్యంగా తేలిన గీత

తలుపు మూసుకుంది. మూసుకునే ముందు ఆవిడ వెనక్కి తిరిగి చూసిందా, లేక చక్రాల మంచం మలుపు తిరుగుతుంటే తల దానంతటదే ఇటు ఒరిగిందా, మందుల షాపాయనకు అంతుపట్టలేదు. చూసే ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎక్కడికి బయల్దేరినా గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి చూడటం ఆవిడకు అలవాటు, స్టవ్ ఆపానా లేదా అని. ఇప్పుడు స్టవ్వూ లేదు, గుమ్మమూ లేదు. గొంతులోంచి పొట్టలోకి దీపమున్న గొట్టం దించుతారట, లోపల రక్తం ఏ మూలనుంచి కారుతోందో చూస్తారట, అరగంట, మహా అయితే ముప్పావుగంట అన్నాడు వార్డుబాయ్, సినిమా హాల్లో టికెట్టు చించి ఇచ్చినంత తేలిగ్గా. నిన్న మధ్యాహ్నం బళ్ళో పడిపోయింది ఆవిడ. చిన్నపిల్లల బడి. టీచరు నేలమీద పడుకోగానే ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలంతా చుట్టూ వరసగా పడుకున్నారట, ఒకడైతే కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాడట. ఆయా వచ్చి చూసేసరికి గదినిండా పడుకున్న పిల్లలు, మధ్యలో తెల్లగా పాలిపోయిన టీచరు. తలుచుకుంటే నవ్వొస్తోంది, నవ్వు వచ్చీ రాకముందే ఆ పాలిపోయిన ముఖం అడ్డొస్తోంది. చేతిలో ఆవిడ కళ్ళజోడు ఉంది, గడియారం, జుట్టు క్లిప్పు ఉన్నాయి, లోపలికి తీసుకెళ్ళేముందు ఒక్కొక్కటే తీసి ఇచ్చింది, ఊరెళ్ళేవాళ్ళు పొరుగింటికి తాళం ఇచ్చినట్టు. కళ్ళజోడు కాడ మీద ఎవరో పిల్లలు రంగు పెన్సిలుతో గీత గీశారు. ఎర్ర గీత. గీత కనిపిస్తే చాలు, నిన్నటినుంచీ ఆయనకు ఒళ్ళు మండిపోతోంది. గుడ్డతో తుడిచాడు. పోలేదు.

పక్క కుర్చీలో మరదలు కూర్చుంది. బట్టల కొట్లో కౌంటరు మీద ఉంటుంది, వచ్చినవాళ్ళను ఉత్త చేతుల్తో పంపించని నోరు. అలాంటి మనిషి ఇవాళ పొద్దుటినుంచీ కిమ్మనలేదు, అదే ఆయనకు ఎక్కువ భయంగా ఉంది. తిట్టినా బావుండేది. చాలాసేపటికి గోడవైపు చూస్తూనే అడిగింది.

"బావగారూ, అక్కకి మీ షాపులో ఆ చుక్క పరీక్ష చేశారు కదా. అప్పుడేం రాలేదు కదా?"

"రాలేదు" అన్నాడు.

రాలేదు అన్నది అబద్ధం కాదు. నిజమూ కాదు. దానికి భాషలో ఏదైనా మాట ఉందేమో, ఆయనకు తెలీదు. మందుల పెట్టెల మీద చీమల బారులా ఉండే అక్షరాలన్నీ చదివే మనిషి, ఏ మాత్రకు ఏ మాత్ర పడదో నోటికి చెప్పే మనిషి, ఈ ఒక్కదానికి పేరు పెట్టలేక నీళ్ళు నములుతున్నాడు. మరదలు మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాడా? చెప్పేసేవాడే. ఏమో. చెప్పేవాడు కాదు.

వీధిలో ఆయన్ని అందరూ చుక్కల డాక్టరంటారు. వెక్కిరింతగా మొదలై గౌరవంగా స్థిరపడిన పేరు. కడుపులో మంటండీ అని ఎవరొచ్చినా "ఒక్క చుక్క ఇచ్చి కూర్చోండి" అనేవాడు, వేలు చివర సూదితో టుక్కుమని పొడిచి, బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ళ గుంటలో రక్తం చుక్క వేసి, దానిమీద సీసాలోంచి రెండు బొట్లు నీరు లాంటి ద్రవం. కిటికీలాంటి చిన్న సందులో ఎర్రటి తడి పాకుతూ పైకి వెళ్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఒక గీత వస్తే బిళ్ళ బాగా పనిచేసినట్టు, మీ పొట్టలో పుండ్లు పెట్టే క్రిమి లేనట్టు. రెండు గీతలొస్తే ఉన్నట్టు. ఇంత సులువైన సంగతికి పెద్దాసుపత్రిలో వరసలో నిలబడటమెందుకు? ఆయనకు ఆ బిళ్ళంటే ముద్దు, నిజంగా ముద్దు, కొందరికి రేడియో అంటే ఉన్నట్టు. పెట్టెమీద రాసి ఉండేది, జబ్బున్నవాళ్ళు వందమంది వస్తే ఎనభై అయిదుమందిని పట్టుకుంటుందని. ఎనభై అయిదంటే డిస్టింక్షన్ కదా అనేవాడు. ఆయన జన్మలో ఏ పరీక్షలోనూ అన్ని మార్కులు తెచ్చుకోలేదు. మరి ఆ మిగతా పదిహేనుమంది? వాళ్ళు ఆయన కంటికి ఎప్పుడూ మనుషుల్లా కనిపించలేదు. పెట్టె మూలన పడి ఉండే లెక్క. వాళ్ళకీ పొట్టలుంటాయని, ఒకత్తె రోజూ తన పక్కనే పడుకుని నిద్రలో కడుపు పట్టుకుని అటు తిరుగుతుందని, ఎవరు చెప్పొచ్చారు?

మాస్టారు గుర్తొచ్చారు. ఎదురింటి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు రెండు గీతలొచ్చాయి, డాక్టరు కోర్సు రాశారు, మాస్టారు బుద్ధిమంతుడైన పిల్లాడిలా ఒక్క పూట తప్పకుండా మింగారు, మంట తగ్గింది. తగ్గింది కదా అని ఊరుకోవచ్చు కదా? ఈయనే పిలిచి మళ్ళీ చుక్క తీశాడు, పోయిందో లేదో చూద్దామని. రెండు గీతలు. "మొండిదండీ, పోలేదు" అన్నాడు. పాత చీటీ మీదే మళ్ళీ కోర్సు. మళ్ళీ చుక్క. మళ్ళీ రెండు గీతలు. మూడో కోర్సుకి మాస్టారికి నాలుక చచ్చిపోయింది. "నోట్లో ఇనప గేటు పెట్టుకున్నట్టుందయ్యా" అన్నారు, నవ్వుతూనే అన్నారు, కాని ఆ తర్వాత వీధిలో ఎదురుపడితే రోడ్డు దాటేవారు. పెట్టెలో మడతపెట్టిన కాగితంలో అదీ ఉంది. ఆ బిళ్ళ పట్టుకునేది క్రిమిని కాదు, క్రిమితో పోట్లాడటానికి రక్తంలో పుట్టినవాటిని. క్రిమి చచ్చినా అవి ఏళ్ళతరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. ఇంకొందరిలో క్రిమి బతికే ఉన్నా చాలినన్ని పుట్టవు. అంటే గీత ఉంటే ఉందనీ కాదు, లేకపోతే లేదనీ కాదు. చదవలేదా? చదివాడు. అర్థం కాలేదా? ఎందుకు కాలేదు, చక్కగా అయింది. అర్థమైనదాన్ని చెవి వెనక పెట్టుకుని బతకడం మనుషులకు బాగా చేతనవును, ఈయనకు మరీనూ.

లోపల ఏదో చప్పుడైంది. లోహం మీద లోహం. మరదలు లేచి నిలబడింది, ఏమీ లేదని మళ్ళీ కూర్చుంది. పొట్టలో పుండైతే మందుతో పోతుంది. పుండు కాకపోతే? ఆ మాట లోపల కూడా పూర్తిగా అనుకోలేకపోయాడు. షాపుకొచ్చేవాళ్ళలో ఆ జబ్బు మందులు కొనేవాళ్ళు ఎలా ఉంటారో ఆయనకు తెలుసు. గొంతు తగ్గించి అడుగుతారు. బేరమాడరు. మందు తీసుకున్నాక కూడా కాసేపు అక్కడే నిలబడతారు, ఈయన ఇంకేదైనా చెబుతాడేమోనని. రేపు తను కూడా ఇంకో కౌంటరు ముందు అలా నిలబడతాడా, కుడిచేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుని? దేవుడా, పుండే అయి ఉండాలి. పుండవ్వాలని మొక్కుకునే మొగుణ్ణి ఎక్కడైనా చూశారా.

ఆవిడకు చుక్క తీసిన ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. వానలు పడి అందరికీ దగ్గులు. ఆవిడ బడినుంచి వచ్చి, సంచి కూడా దింపకుండా, కౌంటరు ఇవతల ఎత్తుపీట మీద కూర్చుని, "ఏమండీ, నాకూ ఒక చుక్క తీయండి, అందరికీ తీస్తారు, ఇంట్లోవాళ్ళే చవకా" అంది. అప్పటికి ఎన్నాళ్ళనుంచో ఖాళీ కడుపుతో మంట, తింటే చల్లబడేది, అందుకని పిల్లల బిస్కెట్లు సంచిలో వేసుకుని తిరిగేది, టీచరే బిస్కెట్లు దొంగిలిస్తోందని బళ్ళో నవ్వుకునేవాళ్ళు. చుక్క తీశాడు. పదిహేను నిమిషాలు ఆగాలి. ఆగాడా? ఒకామె పసిపిల్లకు జ్వరం మందంది, ఒకాయన చిల్లర లేదన్నాడు, ఫోను మోగింది. అయిదో నిమిషమో ఆరో నిమిషమో, బిళ్ళకేసి ఒక చూపు విసిరి, "ఏమీ లేదు, ఉత్త గ్యాసు" అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళంతా వినేలా అన్నాడు. "విన్నారా, ఇంట్లోవాళ్ళకైనా ఉన్నదున్నట్టే చెబుతాను" అని కూడా అన్నాడు. ఆవిడ ముఖం ఎంత వెలిగిందో. లేచి, తేలిగ్గా మెట్లెక్కి పైన ఇంట్లోకి వెళ్ళిపోయింది. పైన మిక్సీ చప్పుడు, ఏదో పాట కూనిరాగం. బిళ్ళ కౌంటరు కింద చెత్తడబ్బాలోకి పోయింది.

సాయంత్రం షాపు సర్దుతుంటే వేలు తుడుచుకున్న దూది పారేయడానికి వంగాడు. డబ్బాలో అన్నిటికన్నా పైన ఆవిడ బిళ్ళే, వెల్లకిలా పడి ఉంది. రెండో గీత. సన్నగా, రోజాపువ్వు రంగులో, ఉందా లేదా అన్నట్టు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని చూశాడు. ఉంది. దీపం కింద పెట్టి వంచి చూస్తే ఇంకా బాగా ఉంది. గుండె గుభేలుమంది. తర్వాత, మనిషి బుర్ర ఎంత చురుకైనదంటే, వెంటనే మడతకాగితంలోని ఇంకో వాక్యాన్ని తెచ్చి చేతిలో పెట్టింది. పదిహేను నిమిషాలు దాటాక కనిపించేది లెక్కలోకి తీసుకోరాదు. రాదు అంటే రాదు. కంపెనీవాళ్ళే రాశారు. ఎండిపోతే అలాంటి మరకలు వస్తాయి. అదీ నిజమే. ఆ వాక్యాన్ని గట్టిగా పట్టుకున్నాడు, నీళ్ళలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు. అరలో కొత్త బిళ్ళలు పెట్టెడున్నాయి. ఒకటి తీసుకుని పైకెక్కి, "ఏమేవ్, ఇంకొక్కసారి వేలివ్వు" అంటే సరిపోయేది. ఎందుకు ఎక్కలేదు? అందరి ముందూ లేదనేశాడు కాబట్టి. పైన పాట వినిపిస్తోంది కాబట్టి. చుక్కల డాక్టరు కాబట్టి. ఇవి కారణాలా? కావు. కాని ఇంతకన్నా ఏమీ లేవు, ఎంత తవ్వినా. బిళ్ళ మళ్ళీ డబ్బాలో వేసి, మీద దూది కప్పేసి, డబ్బా అలాగే వదిలేసి షట్టరు దించాడు.

ఆ మర్నాటినుంచే పొద్దున్న మాత్ర మొదలైంది. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర, మంచిరకం, కంపెనీలన్నీ పోల్చిచూసి ఏరాడు. ఆవిడ లేచి ముఖం కడుక్కునేసరికి ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో నిలబడేవాడు. ఒక్కరోజు మరిచిపోలేదు. మింగేదాకా కదిలేవాడు కాదు. పెళ్ళైన కొత్తలో కూడా ఇంత సేవ చేయలేదు మొగుడు అని వీధంతా చెప్పుకునేది ఆవిడ, ఆయన వింటూ ముసిముసిగా నవ్వుకునేవాడు. అది ప్రేమ కాదా? ప్రేమే. భయం కూడా. రెండూ ఒకే గ్లాసులో కలిపి ఇచ్చాడు రోజూ. మంట తగ్గిందనేది ఆవిడ. తగ్గిందని ఈయనా నమ్మాడు. నమ్మడం ఎంత హాయి.

"దొడ్డికి నల్లగా వెళ్తోందని అక్క నాతో అంది" అంది మరదలు ఉన్నట్టుండి. "పోయిన నెల. తారులా ఉంటోందే అంది. బావగారికి చెప్పక్కా అంటే, చెబుతాలే అంది. మీకు చెప్పిందా?"

"లేదు."

"మీరు రోజూ మందులిచ్చే మనిషి. మీకు చెప్పకుండా నాకు చెప్పడమేంటి బావగారూ?"

ఆ ప్రశ్నలో తిట్టేం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది, అందుకే సూటిగా వచ్చి తగిలింది. నల్లగా వెళ్తోందంటే లోపల రక్తం కారుతోందని అర్థం. కౌంటరు మీదికి ఎవరైనా వచ్చి ఆ మాట అంటే, ఆటో పిలిచి మరీ ఆసుపత్రికి పంపేవాడు. ఆవిడకు అది తెలియదా? తెలుసు. ఆ పీట మీద కూర్చుని ఇలాంటివి వందసార్లు వింది. తెలిసీ చెల్లెలికి చెప్పింది, తనకు చెప్పలేదు. ఎందుకు? తెలియని భయమొకటి కుర్చీలో ఆయన పక్కనే వచ్చి సర్దుకుని కూర్చుంది. జబ్బు భయం కాదది. ఇంకేదో.

తలుపు సగం తెరుచుకుంది. నర్సు చిన్న మూత డబ్బీ ఒకటి తెచ్చి, మీద పేరు రాసి, తలుపు పక్కనున్న అద్దం వెనక బల్లమీద పెట్టి మళ్ళీ లోపలికి పోయింది. ఆయనకు తెలుసు అదేమిటో. పొట్ట గోడనుంచి గింజంత ముక్క గిల్లి అందులో పెడతారు. లోపల పసుపుపచ్చటి జిగురు. ముక్కలో క్రిమి ఉంటే జిగురు రంగు మారుతుంది. దీనికి రక్తంతో పనిలేదు, ఎప్పుడో జరిగిన పోట్లాటలతో పనిలేదు, క్రిమి ఇప్పుడు ఉందా లేదా, అంతే. లేచి అద్దం దగ్గరికి వెళ్ళాడు. పసుపు. వెనక ఎవరో దగ్గారు, ఎవరి ఫోనో మోగింది, తిరిగి చూడలేదు. పసుపు. కళ్ళు మంటపుడుతున్నాయి. ముక్క చుట్టూ, చాలా కొంచెంగా, నారింజ. భ్రమేమో. భ్రమ కాదు, నారింజ పాకుతోంది, పాకుతూ ఎర్రబడుతోంది, ఇక ఎవరు చూసినా కాదనలేనంత చిక్కటి గులాబీ. ఏడుపొచ్చింది. మొదట సంతోషంతో వచ్చింది, క్రిమే, పుండే అయి ఉంటుంది, మందుంది దీనికి అని. ఆ వెనకే, ఆ సంతోషాన్ని తోసుకుంటూ, అయితే ఆ రోజు డబ్బాలో ఉన్నది మరక కాదు అని.

డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. వయసులో చిన్నదే, కళ్ళకింద నిద్రలేని చారలు. "పుండుంది. లోతుగానే ఉంది. రక్తం ఆపేశాం. క్రిమి ఉన్నట్టే కనిపిస్తోంది, మందులు మొదలుపెడదాం. ముక్కలు ల్యాబుకి పంపాను. పుండు అంచు నాకు అంత నచ్చలేదు. రిపోర్టు వచ్చేదాకా వేరేది కాదని మాత్రం చెప్పను" అంది.

"మా షాపులో రక్తపరీక్ష చేశామండీ. అప్పుడు..." అని ఆగిపోయాడు.

"అవన్నీ నమ్మడానికి లేదండీ. ఉన్నవాళ్ళకి లేదంటాయి, పోయినవాళ్ళకి ఉందంటాయి. ఆవిడకి చెప్పాను కదా ఆ సంగతి." ఆమె చేతులు తుడుచుకుంటూ అంది. "వానాకాలంలో నా దగ్గరికొచ్చారు. మలపరీక్ష రాశాను. ముందు రెండు వారాలు ఎసిడిటీ మాత్ర మానాలి, లేకపోతే క్రిమి దాక్కుంటుంది, పరీక్షలో దొరకదు అన్నాను. మానడం కుదరదండీ అని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఒక్క మాత్ర మానడం కుదరకపోవడమేంటో నాకర్థం కాలేదు."

మరదలు ఆయనకేసి చూసింది. ఆయన డాక్టరమ్మ చెప్పుల కేసి చూస్తున్నాడు. వానాకాలంలో. అంటే ఆ చుక్క తీసిన రోజుల్లోనే. లేదని చెబితే నమ్మి, పాడుకుంటూ మెట్లెక్కిన మనిషి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళినట్టు?

లోపలికి ఒక్కరే వెళ్ళండి అన్నారు. మత్తు పూర్తిగా దిగలేదు, ఆవిడ కళ్ళు సగం తెరిచి కప్పుకేసి చూస్తోంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంచంమీద ఎంత చిన్నగా ఉందో. ఇంట్లో ఇంత చిన్నగా ఉండేది కాదే. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడని తెలుసు, ఇంకో వాక్యం ఏదో దొరికేస్తుంది పట్టుకోవడానికి.

"ఆ రోజు నీ బిళ్ళలో రెండో గీత వచ్చింది" అన్నాడు. "తర్వాత వచ్చింది. సాయంత్రం డబ్బాలో చూశాను. నీకు చెప్పలేదు."

ఆవిడ కళ్ళు కప్పుమీదే ఉన్నాయి. వినలేదేమో అనుకున్నాడు. గొంతు గొట్టం ఒరిపిడికి బొంగురుపోయి, ఎవరిదో గొంతులా వచ్చింది.

"పొద్దున షాపు ఊడ్చేది నేనే కదండీ. డబ్బా ఖాళీ చేస్తుంటే దూది కింద కనిపించింది. దూది మీరే వేశారని తెలిసింది, బిళ్ళ తీసి చూసి మళ్ళీ కప్పినట్టుంది. మీరు చెబుతారని చూశాను. ఆ రోజు చూశాను. ఆ మర్నాడు చూశాను."

"మరి పరీక్ష చేయించుకోవచ్చు కదే, డాక్టరమ్మ రాసిందట కదా." ఆయన కమ్మీ మీదికి వంగాడు. "మాత్ర రెండు వారాలు మానితే సరిపోయేదట కదా."

"ఎలా మానను? పొద్దున లేచేసరికి గ్లాసు పట్టుకుని నిలబడేవారు. వద్దంటే ఎందుకనేవారు. ఎందుకో చెబితే, మీరు చూసి కూడా ఊరుకున్నారని నాకు తెలుసని మీకు తెలిసిపోతుంది." ఊపిరి తీసుకుంది. "ఆ తర్వాత మీరు నా ముఖం ఎలా చూస్తారండీ?"

ఆవిడ చెయ్యి దుప్పటి మీద దగ్గర్లోనే ఉంది, అందుకోవచ్చు, అందుకోలేకపోయాడు. నర్సు వచ్చి, ఇంకాసేపు పడుకోనివ్వండి, మీరు బయట కూర్చోండి అంది. తలూపాడు. కాని ఆవిడ కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి, ఆయన ముఖం మీదే ఉన్నాయి, ఎలా చూస్తాడో అని చూస్తున్నాయి.